ఇంటి కరెంటునకు దినచిట్టా ఏది?

"ఫోనులో యాప్ వచ్చినది గదా, ఇక కరెంటు పొదుపు దానంతట అదియే జరుగును" అను మాట మనవారి ఇండ్లలోను అంగళ్ళలోను ఈ మధ్య తరచుగా వినవచ్చుచున్నది. ఈ మాటను మేము ఒప్పుకొనజాలము. బిల్లు వసూలు చేయు యాప్ వేరు, లెక్క చెప్పు యాప్ వేరు. మొదటిది విద్యుత్ సంస్థ గల్లాపెట్టెకు మేలు చేయును. రెండవది ఇంటికి మేలు చేయును. మొదటిదానిని చేతబెట్టి రెండవదానిని ఇచ్చితిమనుట వినియోగదారుని మభ్యపెట్టుటయే యగును. ఇచ్చినదేదో, ఇవ్వనిదేదో విడదీసి చూపుటయు, ఇవ్వనిదానిని అడిగి పుచ్చుకొనవలెనని మనవారికి మనవి చేయుటయు ఈ వ్యాసమున మా యుద్దేశము.

మనము బళ్ళారిలో నున్నను, హోసూరులో నున్నను, బరంపురములో నున్నను, షోలాపురములో నున్నను, యానాములో నున్నను, మనలో పెక్కుమందికి వర్తకముతో సంబంధము కలదు. వర్తకునికి ఎవరును నేర్పనక్కరలేని నీతి యొకటి యున్నది: ఏనాటి లెక్క ఆనాడే. సాయంకాలము గల్లా లెక్కించి, చిట్టా వ్రాసి, నిలువ సరిచూచుకొన్నగాని కొట్టు తలుపు మూయము. రెండు నెలలపాటు చిట్టా ముట్టక, అటుపిమ్మట ఒక్కసారి కూర్చుండి "ఇంత నష్టము వచ్చినది" అని తలపట్టుకొనువానిని ఎవరైనను వర్తకుడందురా? అట్టివానికి సరకు అరువిచ్చువారుందురా? కాని అదే వర్తకుడు ఇంటికి పోగానే కరెంటు విషయమున సరిగా ఈ పనియే చేయుచున్నాడు. నెలకొకసారి, తమిళనాట చిరకాలముగా నడచిన పద్ధతి ప్రకారము రెండు నెలలకొకసారి, ఒక అంకె వచ్చును. దానిని చూచి నిట్టూర్చును, చెల్లించును, మరచును.

ఇందు తప్పు వానిది మాత్రమే కాదు. ఇంటిలో ఖర్చగు తక్కిన వస్తువులన్నియు కంటికి కనబడును. బియ్యము అడుగంటుచున్నదని డబ్బాయే చెప్పును. నూనె తరిగినదని చేతికి తగులు బరువే చెప్పును. గ్యాసు సిలిండరు ఏనాడు పెట్టినదో గోడమీది క్యాలెండరులో ఇల్లాలు గుర్తు వేసికొనును. పాలు తగ్గినచో కాఫీ రంగే చెప్పును. కరెంటు మాత్రము రంగు, రుచి, బరువు లేని సరకు. మీట నొక్కినంతనే వచ్చును. ఎంత వచ్చినదో చెప్పదు. ఖర్చంతయు అయిపోయిన పిమ్మట అన్నిటిని కలిపి ఒక్క మొత్తముగా చీటీ వచ్చును. అందులో గీజరు పాలెంత, పంకాల పాలెంత, పాత ఫ్రిజ్ పాలెంత అను వివరముండదు. కిరాణా కొట్టువాడు నెలాఖరున సరకుల వివరము లేక "మొత్తము ఇంత" అని చీటీ పంపినచో ఏ ఇల్లాలైనను ఊరకుండునా? పద్దుపుస్తకము తెమ్మనదా? మరి కరెంటు పద్దు ఎందులకు అడుగరాదు?

లెక్క కంటబడినంత మాత్రమున వాడుక తగ్గునా అని కొందరు ప్రశ్నింతురు. తగ్గును, కాని ఇంద్రజాలము వలె తగ్గదు. 2006లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన సారా డార్బీ అంతకు పూర్వము జరిగిన పెక్కు పరిశోధనలను సమీక్షించిరి. వాడుచున్న సమయముననే మీటరునుండియో, ఇంటిలోని చిన్న తెరనుండియో లెక్క కనబడినచో 5 నుండి 15 శాతము వరకు, బిల్లు మూలమున ఆలస్యముగా తెలిసినచో 0 నుండి 10 శాతము వరకు పొదుపు కనబడినదని వారు వ్రాసిరి. 2013లో మెకెరాకర్, టోరిటీ అను నిద్దరు ఇట్టి పరిశోధనలనే మరల పరిశీలించి, ఎక్కువ ఇండ్లతో జాగ్రత్తగా జరిగినవానిని నమ్మినచో ఇంటి తెరలవలన 3 నుండి 5 శాతము మాత్రమే ఆశింపవచ్చునని తేల్చిరి. అమెరికాలో ఓపవర్ అను సంస్థ ఇరుగుపొరుగుల వాడుకతో పోల్చి చూపు నివేదికలను ఇంటింటికి పంపినది. సుమారు 6 లక్షల ఇండ్ల లెక్కలు చూచి హంట్ ఆల్కాట్ 2011లో ప్రకటించిన సగటు తగ్గుదల 2 శాతము. మన దేశములో నగర గృహములలో అనంత్ సుదర్శన్ జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనయందు, వారమునకొకసారి ఇట్టి నివేదిక అందిన ఇండ్లలో వేసవి వాడుక సుమారు 7 శాతము తగ్గినది. వింత యేమనగా, ఆ నివేదికకు డబ్బు బహుమానము, జరిమానా జతచేసినప్పుడు దాని ప్రభావము క్షీణించినది.

ఈ అంకెలు చెప్పు పాఠము స్పష్టము. లెక్క ఎంత త్వరగా, ఎంత దగ్గరగా, ఎంత తేటగా కనబడునో అంత పని చేయును. ఆలస్యమైన లెక్క చచ్చిన లెక్క. ఇక నూటికి రెండు, నూటికి ఐదు అన్నంతనే పెదవి విరుచువారు వర్తకము చేసి యుండరు. అంగడిలో నూటికి రెండు రూపాయలు అదనముగా మిగులుననినచో మనము ఎంత దూరము పోయి సరకు తెచ్చుకొందుమో మనకు తెలియును. నెలకు 200 యూనిట్లు వాడు ఇంటికి 5 శాతమనగా 10 యూనిట్లు. అట్టి ఇండ్లు కోటి యున్నచో నెలకు 10 కోట్ల యూనిట్లు. మన దేశమున విద్యుత్తు ప్రధానముగా బొగ్గునుండియే పుట్టుచున్నందున, ఒక్కొక్క యూనిట్టు వెనుక సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కలియుచున్నది. పది యూనిట్లు చిన్నవి. కోటి ఇండ్ల పది యూనిట్లు చిన్నవి కావు.

లెక్క తెలిసిన ఇల్లు ఏమి చేయగలదో చూతము. వేయి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు. ఈ ఒక్క సూత్రము చాలును. రెండువేల వాట్ల గీజరు అరగంట వెలిగిన ఒక యూనిట్టు. దినమునకు అరగంట చొప్పున నెలకు 30. పాత రకపు 75 వాట్ల పంకా దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. అదే గాలి నిచ్చు కొత్తరకపు 30 వాట్ల పంకాకు 11 యూనిట్లయిన కావు. టీవీ ప్రక్కనుండు డబ్బా, టీవీ ఆపినను, పది వాట్లు త్రాగుచు రాత్రింబవళ్ళు మేల్కొని యున్నచో నెలకు 7 యూనిట్లు. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము కలిసివచ్చునని కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థయగు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పుచున్నది. 2020 జనవరి నుండి అమ్ము ఏసీలు 24 డిగ్రీల వద్దనే మొదలు కావలెనని నియమము పెట్టినదియు అందులకే. ఇవన్నియు ఎరిగిన ఇల్లు ఎక్కడ చేయి వేయవలెనో ఎరుగును. ఎరుగని ఇల్లు ఏమి చేయును? దేవుని గదిలోని 9 వాట్ల దీపము ఆర్పి పొదుపు చేసితినని తృప్తిపడును. గీజరు మాత్రము గంటసేపు కాగుచునే యుండును.

"మాకు ఉచిత యూనిట్లున్నవి, మాకెందుకు ఈ గొడవ" అనువారు మనలో కలరు. వారికే లెక్క అధికముగా కావలెనని మేము చెప్పుచున్నాము. కర్ణాటకమున 2023 ఆగస్టులో ఆరంభమైన గృహజ్యోతి పథకమును తీసికొనుడు. ఆరంభమున పెట్టిన నిబంధన ప్రకారము, ఆ ఇంటి 2022-23 నాటి నెలసరి సగటుపై 10 శాతము చేర్చి ఉచిత పరిమాణము నిర్ణయించిరి. గరిష్ఠము 200 యూనిట్లు. తన పరిమాణము దాటి 200 లోపల వాడిన ఇల్లు ఎక్కువైన యూనిట్లకు మాత్రము చెల్లింపవలెను. 200 దాటిన ఇల్లు మొత్తము బిల్లు చెల్లింపవలెను. అనగా 200కును 201కిని నడుమనున్నది ఒక్క యూనిట్టు కాదు, మొత్తము బిల్లు. తమిళనాట 2016 మే నెలలో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమని ప్రకటింపబడినది. అచటను అంతస్తులు మారినకొలది ధర మారుచు వచ్చినది. ఇట్టి గీతల ప్రక్కన నివసించు ఇల్లు తాను గీతకు ఎంత దూరమున నున్నదో ఇరువదవ దినముననే తెలిసికొనవలెను. గీత దాటిన పిమ్మట "దాటితివి" అని చెప్పు యాప్ ఎందులకు? గోతిలో పడినవానికి గోయి లోతు చెప్పుట ఉపకారమగునా?

ఇప్పుడు అసలు మాటకు వచ్చెదము. లెక్క ఇండ్లకు చూపుట సంస్థల దయ కాదు, విధి. విద్యుత్ వినియోగదారుల హక్కులను గూర్చి 2020లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములను 2023 జూన్‌లో సవరించిరి. ఆ సవరణ ప్రకారము స్మార్ట్ మీటరును దూరమునుండి దినమునకు కనీసము ఒకసారి చదువవలెను. ఆ లెక్కను, తన వాడుకను గూర్చి తెలిసి నిర్ణయించుకొనుటకై, వినియోగదారునికి అందజేయవలెను. ఈ మాటలను మనవారు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. 2021లో ఆమోదింపబడిన పంపిణీరంగ సంస్కరణ పథకమున 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టవలెనని సంకల్పించిరి. మీటరు వచ్చిన చోట సంస్థకు మన ఇంటి లెక్క దినదినము చేరును. బకాయి పడినచో తీగ తెంచకయే దూరమునుండి దీపమార్పు శక్తి దానికి కలదు. ఆర్పుటకు పనికివచ్చిన తెలివి, ముందుగా హెచ్చరించుటకు ఎందులకు పనికిరాదు? ఇది మా ప్రశ్న.

ఆ 2023 సవరణయందే మరియొక నియమమున్నది. సూర్యరశ్మివలన విద్యుత్తు విరివిగా దొరకు పగటి వేళలలో ధర సాధారణ ధరకంటె కనీసము 20 శాతము తక్కువగాను, గిరాకీ ముమ్మరమైన వేళలలో గృహములకు కనీసము 10 శాతము ఎక్కువగాను ఉండవలెననియు, వ్యవసాయము మినహా తక్కిన వినియోగదారులకు 2025 ఏప్రిల్ 1 నాటికి ఇది వర్తింపవలెననియు అందు నిర్దేశించిరి. రాష్ట్రములు దీనిని ఒకటి ముందుగా, ఒకటి వెనుకగా అనుసరించుచున్నవి. ధర వేళనుబట్టి మారుటను మేము తప్పు పట్టము; పంట కాలమున ధాన్యము చవుక, కరవు కాలమున ప్రియము, ఇది సంతలో పిల్లవానికి తెలిసిన మాట. కాని వేళకొక ధర కట్టి, వేళవేళకు వాడిన లెక్క చూపకుండుట, ముల్లు కనబడకుండ త్రాసు పట్టి తూచుట వంటిది. పప్పు రుబ్బుటను, బట్టల యంత్రము వేయుటను పగటికి మార్చుకొన్న ఇల్లాలు తనకెంత కలిసివచ్చినదో ఆ రాత్రికే చూడగలుగవలెను. అప్పుడే ఆ అలవాటు నిలుచును.

యాప్‌లను రచించువారు విస్మరించు సంగతి యొకటి కలదు. ఫోను ఒకరి చేతిలో, మీట ఒకరి చేతిలో నుండుట. మనలో అనేక కుటుంబములు ఒకే ఇంట రెండు మూడు తరములుగా నున్నవి. మీటరు కాలము చేసిన తాతగారి పేరనే యుండును. దానికి జతపరచిన ఫోను నంబరు ఊరికి పోయిన పెద్దకుమారునిది. సందేశము వానికి చేరును. వాడు అప్పుడు ఏ హైదరాబాదులోనో, ఏ దుబాయిలోనో పనిలో నుండును. వంటయింట గ్రైండరు వేయు తల్లికి, గీజరు వేయు కోడలికి, పంకా క్రింద చదువుకొను మనుమనికి ఆ అంకె చేరదు. అద్దె యిండ్లలో ఇంకను చిత్రము: లెక్క ఇంటి యజమాని ఫోనుకు, బిల్లు అద్దెకున్నవాని జేబుకు. బ్రిటనులో స్మార్ట్ మీటరు అమర్చునప్పుడు ఇంటిలో పెట్టుకొను చిన్న తెరను కూడ ఇవ్వజూపవలెనని సరఫరాదారులకు నియమము విధించిరి. వంటయింటి గోడ కనబడు చోట అంకె యుండవలెనను ఈ సూక్ష్మము మనకును పనికివచ్చును. తెర ఇచ్చుట ఖర్చనినచో, ఒకే మీటరు లెక్కను ఇంటిలోని నాలుగు ఫోనులకు పంపుట ఖర్చా? మామూలు బొత్తాముల ఫోనుకు చిన్న సందేశము పంపుట ఖర్చా?

భాషమాట కూడ ఇచటనే చెప్పవలెను. "మీటరుకు భాషయేమి, అంకెలకు భాషయేమి" అని తేలికగా త్రోసివేయువారు కలరు. అంకెకు భాష లేకపోవచ్చును. హెచ్చరికకు, ఉపాయమునకు భాష కలదు. మన బిడ్డలు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చక్కగా చదువుకొన్నవారు. ఆ భాషలు మనకు అన్నము పెట్టిన భాషలు. వాటి స్థానమున తెలుగు పెట్టుమని మేము కోరుటలేదు. కాని ఇంటి వ్యవహారము నడుపు పెద్ద తల్లులు అనేకులు తెలుగు తప్ప చదువలేనివారు. 1956 నాటి కేంద్ర మెమొరాండము మొదలు 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశము వరకు రూపొందిన భాషాల్పసంఖ్యాకుల రక్షణలలో, జిల్లాలోగాని తాలూకాలోగాని జనసంఖ్యలో 15 శాతమున్న భాషలో ముఖ్యమైన నిబంధనలు, ప్రకటనలు ప్రచురింపవలెనని యున్నది. ఇంటి దీపమార్పు హెచ్చరికకంటె ముఖ్యమైన ప్రకటన వేరేమి యుండును? అంత సంఖ్య గల చోట్ల మనము ఈ మాట గట్టిగా అడుగవలెను. చదువే రానివారికి రంగుగుర్తును, చదివి వినిపించు స్వరమును ఉపయోగపడును. ఇది ఒక్క తెలుగువారికి మాత్రమే కాదు. ప్రతి రాష్ట్రమునందలి ప్రతి చిన్న భాషకును వర్తించును.

ఇక ఆక్షేపణలు. మొదటిది ఇంటి గుట్టు. గంటగంట కరెంటు లెక్క తెలిసినవానికి ఇంటివారు ఎప్పుడు లేచిరో, ఎప్పుడు పరుండిరో, ఎన్నాళ్ళు ఊరిలో లేరో తెలిసిపోవును. ఇది వట్టి భయము కాదు. నెదర్లాండ్స్ దేశమున స్మార్ట్ మీటరును నిర్బంధము చేయు చట్టమును ఈ కారణము చేతనే 2009లో ఎగువసభ అడ్డుకొన్నది. మన దేశమున ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో చట్టము వచ్చినది. కనుక ఇంటి లెక్క ఇంటివారిది. సంస్థ దానికి ధర్మకర్త మాత్రమే. మన యనుమతి లేక దానిని పంకాలమ్మువారికిగాని, అప్పులిచ్చువారికిగాని చేర్చరాదు. గుట్టు కారణము చూపి లెక్కనే వలదనుట మాత్రము, దొంగల భయమున చిట్టా వ్రాయుట మానుట వంటిది.

రెండవది, ఇరుగుపొరుగుతో పోల్చుట. ఇందులో మేలును కీడును కలవు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనను కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ పట్టణమున సుమారు 290 ఇండ్లలో షుల్ట్జ్, సియాల్డీనీ మొదలగువారు జరిపిరి. సగటుకంటె ఎక్కువ వాడువారు సగటు తెలిసి తగ్గించిరి. తక్కువ వాడువారు "మనమే వెనుకబడితిమి" అన్నట్లు పెంచిరి. తక్కువ వాడువారి కాగితముపై మెచ్చుకోలుగా ఒక నవ్వుముఖము గీసిన మాత్రమున ఆ పెరుగుదల ఆగినది. కనుక పొదుపరికి మెప్పు చెప్పని పోలిక హాని చేయును. మన సంఘములలో ఏ ఇంటి వాడుక ఎంతయో పేరుపెట్టి పట్టిక వ్రేలాడదీయవలెనని ఉత్సాహపడువారికి మా మనవి: అట్టి పని చేయకుడు. పదిమందిగల ఇంటిని ఇద్దరున్న ఇంటితో పోల్చుట న్యాయము కాదు. మగ్గమున్న ఇంటిని మగ్గములేని ఇంటితో పోల్చుట అసలే కాదు. ఒక ఇంటిని ఆ ఇంటి నిరుటి ఇదే నెలతో పోల్చుటయే ధర్మము.

మూడవదానిని ఎవరును పైకి చెప్పరు. కాని మేము చెప్పవలసియున్నది. లెక్క చేతికి వచ్చినంతనే ఇంటిలో అధికారము చెలాయించుటకు దానిని కర్రగా వాడువారుందురు. కొట్టులో కూర్చుండి ఫోను చూచి "ఇప్పుడు ఏమి వేసినారు" అని ఇంటికి కేకవేయు మగవారు, కోడలి స్నానపునీటికి లెక్క కట్టు అత్తలు పుట్టుకొని వచ్చినచో, ఆ యాప్ లేకుండుటయే మేలు. వేసవి మధ్యాహ్నమున ముసలితల్లి పంకా ఆపి మిగిల్చిన యూనిట్టు పొదుపు కాదు, పాపము. పిల్లల చదువు దీపము, రోగి గది చల్లదనము, ఇవి ఖర్చు పద్దులు కావు. తగ్గింపవలసినది వృథా, సౌఖ్యము కాదు. ఈ భేదము తెలియనివాని చేతికి లెక్క ఇచ్చుట కోతి చేతికి కత్తి ఇచ్చుటయే.

కనుక చేయవలసినదేమి? సంస్థలనుండి అయిదు విషయములను అడుగవలెనని మా ప్రతిపాదన.

1. స్మార్ట్ మీటరు పెట్టిన ప్రతి ఇంటికి నిన్నటి వాడుక నేడు తెలియవలెను. యాప్ లేనివారికి మామూలు సందేశముగా తెలియవలెను.

2. ఉచిత పరిమితికిగాని ధర మారు గీతకుగాని చేరువైనప్పుడు, దాటకముందే హెచ్చరిక రావలెను.

3. నిరుటి ఇదే నెల లెక్క ప్రక్కనే చూపవలెను.

4. అద్దెకున్నవారు, ఇంటి స్త్రీలు తమ ఫోనులను జతపరచుకొను వీలును, తమ భాషను ఎన్నుకొను వీలును ఉండవలెను.

5. అనుమతి లేక ఇంటి లెక్క మూడవవానికి చేరరాదు.

ఈ అయిదింటిలో ఏదియు ఆకాశమునుండి తెచ్చునది కాదు. మొదటిది చట్టమే చెప్పినది. తక్కినవి మంచి గుమాస్తా ఒక వారమున సర్దగల పనులు.

సంస్థ కదలువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. పాత మీటరున్న ఇంటను చిట్టా వ్రాయవచ్చును. మీటరు ముఖమున వరుసగా మారు అంకెలలో "కేడబ్ల్యూహెచ్" అను గుర్తుతో వచ్చునదే యూనిట్ల లెక్క. సంధ్యాదీపము పెట్టు వేళ ఇంటిలోని బడిపిల్లవాడు ఆ అంకె చూచి, నిన్నటి అంకె తీసివేసి, వంటయింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో వ్రాయవలెను. నిన్న 4,312, నేడు 4,319: ఏడు యూనిట్లు. అంతే. మొదటి వారము ఏదియు మార్పకుడు, వ్రాయుడు, చూడుడు. రెండవ వారము ఒక్క వస్తువు వాడుక మాత్రము మార్చుడు. ఏది తగ్గినదో తెలియును. ఒకనాడు పరుండునప్పుడును, లేచినప్పుడును అంకె చూచినచో, అందరు నిద్రించుచున్నను ఇల్లు ఎంత త్రాగుచున్నదో బయటపడును. ముప్పది దినములు ఇట్లు వ్రాసిన ఇంటికి ఏ యాప్ మంచిదో, ఏది వట్టి వసూలు పెట్టెయో ఒకరు చెప్పనక్కరలేదు. సంస్థ కార్యాలయమునకు అర్జీతో పోవునాడు ఈ క్యాలెండరు కాగితమే మనకు సాక్ష్యము. బిల్లులో తేడా వచ్చిననాడు ఇదియే మనకు ఆధారము.

మన సంఘ శాఖలు వచ్చు నెలలో ఒక్కొక్క వీధిలో కొన్ని ఇండ్లనైనను ఈ పనికి పూనించి, పేర్లు బయటపెట్టక, ఏ వస్తువు విషయమున ఎంత తెలిసినదో ఈ పత్రికకు వ్రాయవలెనని కోరుచున్నాము. ఎక్కువైన ఇంటిని వెక్కిరింపవద్దు. తగ్గిన ఇంటిని మెచ్చుకొనుడు. అయిదు కోరికల అర్జీపై ఇంటింట ఇల్లాలి సంతకము కూడ తీసికొనుడు, ఏలయన లెక్క ముందుగా చేరవలసినది ఆమెకే.

సరకు కొన్నవాడు తూకము చూడగోరుట అవమానము కాదు, అనుమానమును కాదు. అది బేరములో సగము. కరెంటు కూడ సరకే. దానిని కొనుచున్నంత కాలము లెక్క అడుగుదము. లెక్క వచ్చిననాడు దానిని వృథామీద ప్రయోగింతము, మనుష్యులమీద కాదు.